పెద్ద బండికి మారాలా, వద్దా? కడపలో నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

పదకొండేళ్లు వంద సీసీ బండి నడిపాను. ఆరేళ్లుగా మూడు వందల యాభై సీసీ బండి నడుపుతున్నాను. అందుకే కాబోలు, మా వీధి పిల్లలు, ఆఫీసులో వాళ్లు, చుట్టాలు బండి మార్చాలనుకున్నప్పుడల్లా నన్నే అడుగుతారు. ప్రతిసారీ అవే అనుమానాలు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మర్చిపోతున్నానని అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నప్పుడు

"నా వంద సీసీ బండి బాగానే ఉంది. అయినా మనసు పెద్ద బండి మీదికే పోతోంది. తప్పా అన్నా?"

తప్పేం లేదు. ఇష్టం ఉన్నవాడే బండిని బాగా చూసుకుంటాడు. కాకపోతే ఆ ఇష్టానికి అవసరం అని పేరు పెట్టి మిమ్మల్ని మీరే నమ్మించుకోకండి. నెల రోజులు ఒక చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకోండి. బండి ఎక్కడ చాలలేదో ఆ రోజే రాయండి. నేను రాసుకున్న నెలలో ఇరవై నాలుగు రోజులు కోటిరెడ్డి సర్కిల్, ఏడు రోడ్లు, రిమ్స్, మళ్లీ ఇల్లు, అంతే. ఆ పేజీల్లో బండి మీద ఒక్క ఫిర్యాదూ లేదు. రాజంపేట, రాయచోటి పోయిన ఆరు రోజుల్లోనే "లారీ వెనక ఇరుక్కున్నా", "ఇద్దరం కూర్చుంటే ఘాట్‌లో రెండో గేరే" అని ఉంది. మీ పుస్తకంలో అలాంటి రోజులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోతే, మీరు కొనబోయేది మీ ముచ్చట కోసం. ముచ్చట కోసం కొనుక్కోవచ్చు, కానీ అప్పు చేసి మాత్రం వద్దు.

"ఈమధ్య బండి లాగడం లేదు. అందుకే మార్చేద్దామనుకుంటున్నా."

ముందు మెకానిక్‌కు చూపించండి. క్లచ్ ప్లేట్లు అరిగినా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, బ్రేకు పట్టుకుని వదలకపోయినా, చక్రంలో గాలి తగ్గినా బండి లాగదు. కొత్త బండి ఖర్చుతో పోలిస్తే ఇవన్నీ చిన్న ఖర్చులే. మన సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో తిరిగే బండికి ఫిల్టర్ ఎంత త్వరగా నిండుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

"ఎన్ని సీసీ ఉంటే పెద్ద బండి అన్నట్టు?"

సీసీ ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. స్ప్లెండర్ ప్లస్ 97 సీసీ, శక్తి ఎనిమిది హార్స్‌పవర్ చుట్టూ, బరువు 112 కిలోలు. క్లాసిక్ 350 శక్తి ఇరవై హార్స్‌పవర్ చుట్టూ, బరువు 195 కిలోలు. పల్సర్ ఎన్ఎస్ 200 అయితే సీసీలో క్లాసిక్ కంటే తక్కువ, శక్తిలో మాత్రం ఇరవై నాలుగు. డ్యూక్ 390 దగ్గరికి వచ్చేసరికి 46. సీసీలో క్లాసిక్‌కు దాదాపు పక్కనే ఉన్నా, శక్తిలో రెండింతలు దాటింది.

అందుకే మూడు సంగతులు కలిపి చూడాలి. శక్తి ఎంత, బరువు ఎంత, ఆ శక్తి ఏ వేగంలో బయటికొస్తుంది. క్లాసిక్ లాంటివి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నా బరువు లాగుతాయి. డ్యూక్ లాంటివి ఇంజిన్‌ను బాగా తిప్పితేనే అసలు రూపం చూపిస్తాయి. మొదటిది ఇద్దరు మనుషులు, ఒక సంచితో వెళ్లే దారికి బాగుంటుంది. రెండోది కొత్త చేతులకు మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

"తిరుపతి రోడ్డులో లారీని దాటాలంటే నా బండికి దమ్ము చాలడం లేదు. ఇది సరైన కారణమేనా?"

నా దృష్టిలో బండి మార్చడానికి ఇంతకంటే సరైన కారణం లేదు. ఒంటిమిట్ట దాటాక రెండు వరసల రోడ్డు, ముందు లారీ, ఎదురుగా బస్సు. ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు.

లెక్క చూడండి. లారీ గంటకు 50 కిలోమీటర్లలో పోతోంది. మీ బండి ఇద్దరితో 70 దాటలేదు. లారీ పొడుగు, ముందూ వెనకా వదలాల్సిన దూరం కలిపి 42 మీటర్లు అనుకుందాం. తేడా గంటకు 20 కిలోమీటర్లే కాబట్టి దాటడానికి ఏడున్నర సెకన్లు పడుతుంది. ఆ ఏడున్నర సెకన్లలో మీరు దాదాపు 145 మీటర్లు పోతారు, ఎదురుగా 80లో వచ్చే బస్సు ఇంకో 165 మీటర్లు దగ్గరికొస్తుంది. అంటే మూడు వందల మీటర్లకు పైగా ఖాళీ రోడ్డు కనిపించాలి. అదే మీరు 90 అందుకోగలిగితే నాలుగు సెకన్లలోపే పని అయిపోతుంది. 180 మీటర్లు చాలు.

కానీ ఈ లెక్కలో ఒక ప్రమాదం ఉంది. దమ్ము వచ్చాక మనిషి మారిపోతాడు. నిన్నటిదాకా మూడు వందల మీటర్లు ఉంటేనే దాటినవాడు, ఇప్పుడు నూటయాభైకే తల బయట పెడతాడు. అలా చేస్తే కొత్త బండి ఇచ్చిన భద్రత మొత్తం పోయినట్టే. పాత బండి మీద ఎంత ఖాళీ కోసం ఆగేవారో, కొత్త బండి మీదా అంతే ఖాళీ కోసం ఆగండి. మిగిలిన దూరం మీ ప్రాణానికి అడ్డుగోడ.

"కడప ఊర్లోనే తిరుగుతాను. 350 అవసరమా?"

అవసరం లేదు. వైవీ స్ట్రీట్‌లో సాయంత్రం ఆరింటికి నడిచేవాళ్ల వెనక క్లచ్ సగం పట్టుకుని జరగడానికి 125 సీసీయే సుఖం. కొంచెం పికప్ కావాలంటే 150, 160 చూడండి.

"పొలానికి కూడా అదే బండి మీద పోవాలి. పెద్దది పనికొస్తుందా?"

మీ పొలం నల్లరేగడి అయితే వద్దంటాను. నాలుగు చినుకులు పడితే చాలు, రేగడి మట్టి చక్రానికి చుట్టుకుని మడ్‌గార్డు కింద బిగుసుకుపోతుంది, చక్రం తిరగదు. వంద కిలోల బండి అయితే ఇద్దరు కలిసి గట్టుకు లాగేస్తారు. 195 కిలోల బండి అయితే ట్రాక్టర్ కోసం ఎదురుచూడాలి. ఎర్రనేల, గరుసు దారి అయితే నెమ్మదిగా పోవచ్చు.

"మా నాయన వద్దంటే వద్దంటున్నాడు. ఎలా ఒప్పించాలి?"

ఒప్పించే ముందు ఆయన ఎందుకు వద్దంటున్నాడో కూర్చుని వినండి. మన దగ్గర ప్రతి ఇంట్లోనూ రోడ్డు మీద పోయిన మనిషి ఒకరు గుర్తుంటారు. ఆయన కళ్లముందు ఉన్నది ఆ మనిషే. ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని మీ పాత బండి మీదే ఒకసారి పులివెందుల తీసుకుపోండి. ఎక్కడా హడావిడి పడకుండా, ఇద్దరూ హెల్మెట్ పెట్టుకుని, ప్రతి మలుపు దగ్గర వేగం తగ్గించి నడపండి. మా నాయన నాతో అలా ఒకసారి వచ్చాక, తిరిగొచ్చిన రోజు రాత్రి అన్నం తింటూ "ఏ రంగు తీసుకుంటావు?" అని అడిగాడు.

"మా తమ్ముడికి పంతొమ్మిదేళ్లు. నేరుగా 390 అడుగుతున్నాడు. కొనివ్వచ్చా?"

చట్టం అడ్డు చెప్పదు. పద్దెనిమిది నిండి గేరు బండి లైసెన్సు ఉంటే మన దేశంలో 100 సీసీకీ 650 సీసీకీ అదే లైసెన్సు. యూరప్ దేశాల్లో అలా కాదు. మొదట 125 సీసీ, ఆ తర్వాత 35 కిలోవాట్ల లోపు బండి, అన్నిటికంటే చివర పెద్దవి, ఇలా మెట్లు పెట్టారు. మన దగ్గర ఆ మెట్లు ఇంట్లోవాళ్లే కట్టాలి. రెండేళ్లు 150 లేదా 160 మీద నడపనివ్వండి. వానలో, రాత్రి, వెనక మనిషితో, రద్దీలో ఎలా నడుపుతున్నాడో మీరే వెనక కూర్చుని చూడండి.

పద్దెనిమిది నిండని పిల్లలకైతే చిన్న బండి కూడా ఇవ్వకండి. పట్టుబడితే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. అన్నిటికంటే ముందు, పిల్లవాడు.

## డబ్బుల లెక్క

"షోరూము రేటు కాకుండా ఇంకేం పడుతుంది?"

లైఫ్ ట్యాక్స్ బండి ధరలో శాతంగా పడుతుంది కాబట్టి ధర పెరిగితే అదీ పెరుగుతుంది. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ దాకా అయిదేళ్లకు 3,851 రూపాయలు, 150 నుంచి 350 దాకా 7,365, ఆ పైన 15,117. వీటి మీద పన్ను వేరు. మీ బండి దొంగతనం పోయినా, దెబ్బతిన్నా పనికొచ్చే ఓన్ డ్యామేజి పాలసీ మళ్లీ వేరు.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటితే 40 శాతం. అందుకే 349 సీసీ బండికీ 400 సీసీ బండికీ మధ్య ధరలో అంత దూరం కనిపిస్తోంది. ఆ గీత దాటడానికి మీకు బలమైన కారణం ఉండాలి.

మంచి హెల్మెట్, చేతి గ్లవ్స్, మడమ కప్పే బూట్లు, జాకెట్టు కూడా బండి ఖర్చులోనే రాసుకోండి. వీటికి డబ్బులు మిగలకపోతే ఒక మెట్టు చిన్న బండి తీసుకోండి. ఇందులో నేను ఎవరితోనూ రాజీ పడను.

"పెట్రోలు ఎంత ఎక్కువ తాగుతుంది?"

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారనుకోండి. లీటరుకు 60 ఇచ్చే బండికి దాదాపు 17 లీటర్లు, 33 ఇచ్చే బండికి 30 లీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకుంటే నెలకు పదిహేను వందలు తేడా. కంతు కట్టేటప్పుడు ఈ పదిహేను వందలు కూడా కంతులోదే అనుకుని, మొత్తం మోయగలరా అని చూడండి. టైర్లు, చైన్ స్ప్రాకెట్, ఇంజిన్ ఆయిల్ కూడా పెద్ద బండికి ఎక్కువే.

"పాత బండి అమ్మేయాలా?"

చోటుంటే ఉంచుకోండి. పాల ప్యాకెట్‌కు 195 కిలోల బండి తీయాల్సిన పని ఉండదు, పెద్ద బండి సర్వీసుకు పోయిన రోజు ఆఫీసు ఆగదు. నా వంద సీసీ బండి ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. రోజూ తిరిగేది అదే.

"బెంగళూరులో సెకండ్ హ్యాండ్ చవకగా దొరుకుతోంది. తెచ్చుకోవచ్చా?"

తెచ్చుకోవచ్చు, కానీ చవక అనేది చివరి లెక్కలో తెలుస్తుంది. కర్ణాటక నంబరు బండి ఇక్కడే ఉంచి పన్నెండు నెలలు దాటితే మన రాష్ట్ర నంబరు వేయించాలి. అందుకు అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్ఓసీ) కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి లోన్ మీద కొన్నదైతే, అప్పు తీరినట్టు ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీసేయించారో లేదో చూడండి. తీయించకపోతే డబ్బు చేతికివ్వకండి.

బండి దగ్గర నిలబడి చూడాల్సింది కొంచెమే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు పోయేసరికే ఇంజిన్ వేడెక్కి ఉంటే, స్టార్టింగ్ సంగతి దాస్తున్నారేమో అని అడగండి. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు గొట్టాల మీద వేలితో తుడిస్తే ఆయిల్ అంటకూడదు. హ్యాండిల్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే మధ్యలో ఎక్కడా పట్టినట్టు ఉండకూడదు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది. గుబ్బలు ఎంత బాగున్నా అంత పాత రబ్బరు రోడ్డును పట్టదు. టైర్ల ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

## బండి నడిపి చూసేటప్పుడు

"టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి?"

అందరూ రోడ్డు మీదికి తీసుకుపోయి యాక్సిలేటర్ తిప్పి చూస్తారు. అది ఏ బండి అయినా బాగానే ఉంటుంది. నేను చూడమనేది ఇంజిన్ ఆపేశాక.

బండిని స్టాండు తీసి, దిగి, చేత్తో పది అడుగులు వెనక్కి నెట్టండి. మీ ఇంటి ముందు ర్యాంపు ఎంత వాలుగా ఉందో గుర్తు తెచ్చుకుని, అలాంటి చోట ఎక్కించి చూడండి. మా ఇంటి ముందు ర్యాంపుకు నల్లటి కడప బండలు పరిచాం. ఎండాకాలం ఏ ఇబ్బందీ లేదు. కొత్త బండి తెచ్చిన రెండో నెలలో ఒక సాయంత్రం వాన పడి ఆగింది. బండిని వెనక్కి దించుతుంటే తడి బండ మీద నా కుడికాలు జర్రున జారింది. బండి కుడివైపు వాలింది. ఆ క్షణంలో దాన్ని పట్టుకుని ఆపే బలం ఏ మనిషికీ ఉండదు. నా పిక్క సైలెన్సర్‌కు ఆనుకుంది. ఆ కాలిన మచ్చ ఇంకా అలాగే ఉంది. రోడ్డు మీద వేల కిలోమీటర్లలో ఒక్కసారీ పడని బండి, గేటు దగ్గర పడింది. ఇప్పుడు ఆ బండల మీద గరుకుగా గాట్లు పెట్టించాను.

కాబట్టి పవర్ ఎంత అని అడిగే ముందు ఈ బరువును రోజూ తెల్లారి చెప్పులతో, నిద్ర కళ్లతో బయటికి తీయగలనా అని మిమ్మల్ని మీరే అడగండి.

"నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. కాళ్లు అందుతాయా?"

సీటు ఎత్తు చూడండి. స్ప్లెండర్‌కు 785 మిల్లీమీటర్లు, హంటర్ 350కి 790, క్లాసిక్ 350కి 805. అంకె కంటే సీటు వెడల్పు ముఖ్యం. సీటు ముందు సన్నగా ఉంటే అదే ఎత్తులో కాలు ఇంకొంచెం కిందికి అందుతుంది. మీరు రోజూ వేసుకునే చెప్పులు, బూట్లతోనే కూర్చుని చూడండి. రెండు పాదాలూ పూర్తిగా ఆనకపోయినా, ఒక పాదం పూర్తిగా ఆనాలి.

"మన ఎండకు ఇంజిన్ వేడి తట్టుకోగలమా?"

ఏప్రిల్, మే నెలల్లో ఎలాగూ నలభై దాటుతుంది. రేడియేటర్ ఉన్న బండి సిగ్నల్ దగ్గర ఆగితే ఫ్యాన్ తిరిగి వేడిగాలి కాళ్ల మీదికి వస్తుంది. గాలితో చల్లబడే ఇంజిన్ కదులుతున్నంతసేపు బాగుంటుంది, ఆగితే పిక్కలకు సెగ తగులుతుంది. ఎండాకాలంలో కొనేటట్టయితే మధ్యాహ్నం రెండింటికే టెస్ట్ రైడ్ అడగండి. పొద్దున్నే నడిపి చూస్తే ఈ సంగతి తెలియదు.

"ఏబీఎస్ ఒక చక్రానికి ఉంటే చాలా, రెండింటికీ ఉండాలా?"

ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు. రెండింటికీ ఉన్నదే తీసుకోండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, కానీ కొన్నిటికి ముందు చక్రానికే ఉంటుంది. వేగం 60 నుంచి 90కి పెరిగితే బండిలో ఉన్న శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది. దాన్నంతా బ్రేకులే మింగాలి. రోడ్డు మీద ఇసుక ఉన్నప్పుడు భయంతో వెనక బ్రేకు తొక్కేసేవాళ్లే ఎక్కువ. చక్రం పట్టేస్తే బండి తోక తిరుగుతుంది.

"మా ఇంటామె, పాప వెనక కూర్చోవాలి. ఏం చూసుకోవాలి?"

కొనే ముందు ఇంటామెను తీసుకుపోయి కూర్చోబెట్టండి. కొన్ని బండ్లకు వెనక సీటు ఎత్తుగా, అరచేయంతే ఉంటుంది. చీరతో ఒకవైపు కూర్చునేవాళ్లకు అది అసలు పనికిరాదు. పట్టుకోవడానికి హ్యాండిల్, పాదం పెట్టడానికి ఫుట్‌రెస్ట్, చీర చక్రంలో పడకుండా సారీ గార్డు ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. అందం కోసం సారీ గార్డు తీయించకండి. నాలుగేళ్ల లోపు పాప ఉంటే పాపకు హెల్మెట్, పాపను మీకు కట్టి ఉంచే సేఫ్టీ బెల్టు వాడాలి, వేగం 40 దాటకూడదు.

## కొన్నాక

"మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడపాలంటారు. ఎందుకు?"

ఇంజిన్ భాగాలు ఒకదానికొకటి కుదురుకోవాలి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, అది అరిగేదాకా మలుపుల్లో పట్టు తక్కువ. మీ చేతులకు కూడా పాత బండి అలవాటు పోవాలి. వంద సీసీ మీద యాక్సిలేటర్ ఎంత తిప్పేవారో దీని మీదా అంతే తిప్పితే ఉలిక్కిపడతారు.

"గువ్వలచెరువు ఘాట్ ఎప్పుడు ఎక్కొచ్చు?"

బండి చెప్పినట్టు ఆగుతుందని మీకు నమ్మకం కుదిరాక. మొదటిసారి ఒక్కరే, పగలు పోండి. మలుపులోకి పోయే ముందే వేగం తగ్గించి గేరు దించండి, మలుపు మధ్యలో బ్రేకు పట్టకండి. చూపు మలుపు చివర ఉండాలి, కళ్లు ఎటు చూస్తే బండి అటు పోతుంది. దిగేటప్పుడు న్యూట్రల్ వేసి పెట్రోలు మిగిల్చుకుందామని చూడొద్దు, ఎక్కిన గేరులోనే దిగండి. బరువంతా బ్రేకుల మీద పడితే అవి వేడెక్కి పట్టు తగ్గుతుంది. లోడు లారీలు మలుపు తిరగడానికి మీ వైపు వరసలోకి వస్తాయి, అందుకే ఎడమ అంచు వదలకండి. పైన ఆగి పాలకోవా తిని, ఒళ్లు సడలించుకుని దిగండి.

"కొన్నాను, కానీ దాని బరువుకు భయమేస్తోంది. అమ్మేయాలా?"

ఆ భయం ఉండటమే మంచిది. అమ్మే ముందు నాలుగు ఆదివారాలు చూడండి. పొద్దున్నే ఖాళీ మైదానానికి పోయి, మొదటి గేరులో హాఫ్ క్లచ్ మీద, వెనక బ్రేకు మెల్లగా ఆనించి, నడిచే వేగంలో ఎనిమిది అంకె వేయండి. ముందు బ్రేకు ముట్టుకోవద్దు. పెద్ద బండి ఎక్కువగా పడేది ఈ వేగంలోనే.

పడిన బండిని లేపడం కూడా నేర్చుకోండి. ముందు ఇంజిన్ ఆపండి. బండి కుడివైపు పడితే సైడ్ స్టాండు ముందే వేసి పెట్టండి, లేకపోతే లేపిన బండి ఎడమవైపు పడుతుంది. గేరు వేసి ఉంచండి, చక్రం దొర్లదు. బండికి వీపు పెట్టి, సీటు అంచుకు నడుము కింది భాగం ఆనించండి. ఒక చేత్తో హ్యాండిల్ పిడి, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రెయిల్ పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేపండి. వంగి చేతులతో ఎత్తితే నడుము పట్టేస్తుంది. మొదటిసారి పక్కన ఇద్దరిని నిలబెట్టుకుని, పాత పరుపు ఒకటి వేసి, దాని మీద బండిని మెల్లగా పడుకోబెట్టి ప్రయత్నించండి.